నేను వెనక్కి లాక్కున్న కాలు

ఆ శుక్రవారం ఉదయం సైకిల్ తొక్కి ఇంటికొచ్చి షూ విప్పితే ఎడమ సాక్స్ నిండా నెత్తురు. ఎడారి తుమ్మ ముల్లు ఒకటి షూ అడుగు చీల్చుకుని పాదంలోకి దిగి ఉంది. ఇక్కడ ఖతర్‌లో అల్ రువైస్ వైపు మట్టిదారుల్లో ఆ ముళ్ళకు మా టైర్లు పంక్చర్ కావడం మామూలే. కానీ అంత లోతుకు దిగిన ముల్లు నాకు చీమ కుట్టినట్టు కూడా తెలియలేదు. భయపడాల్సిందిపోయి, కొత్త షూ పాడైందని విసుక్కున్నాను.

నేల మీద మరకలు చూసి మా ఆయన గబగబా వచ్చారు. ఆయన రాస్ లఫాన్‌లో గ్యాస్ పైపులు తనిఖీ చేసే ఉద్యోగి. కింద కూర్చుని నా పాదం పట్టుకోబోయారు. చటుక్కున వెనక్కి లాక్కున్నాను.

"మీరు నా కాళ్ళు పట్టుకునుడేంది? నాకు పాపం తగుల్తది."

"పాపం సంగతి తర్వాత. గింత లోతుకు దిగితే నొప్పి లేదా నీకు?"

"కొద్దిగున్నది. పోతది."

అది అబద్ధం. నొప్పి అసలే లేదు. మాది జగిత్యాల వైపు పల్లె. పెద్దవాళ్ళ కాళ్ళకు మేం మొక్కడమే గానీ, వాళ్ళు మా కాలు ముట్టడమనేది ఎరగం. పొరపాటున ఎవరికైనా కాలు తగిలితే ముట్టుకుని కళ్ళకద్దుకుంటాం.

నేను అల్ ఖోర్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్తాను. రెండో కాన్పులో వచ్చిన షుగర్ పోలేదు. మాత్రలు మింగుతూనే, ఒళ్ళు కదిలితే మంచిదని మౌంటెన్ బైక్ క్లబ్‌లో చేరాను. చీరలో క్లాసు చెప్పే మనిషి హెల్మెట్ పెట్టుకుని రాళ్ళ దారుల్లో తిరుగుతుంటే స్టాఫ్‌రూమ్‌లో అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు బాగానే తలకెక్కింది.

ఆ చలికాలం క్లబ్ వాళ్ళు మంచులో సైకిల్ తొక్కుదామని జార్జియా ప్రయాణం పెట్టారు. ఖతర్ నుంచి మంచు చూడాలంటే చాలామంది అక్కడికే వెళ్తారు. ఊళ్ళో ఉన్న మా అత్తమ్మ ఫోన్‌లో విని, "దుబాయ్‌ల మంచు గూడ పడ్తదా?" అంది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. మా ఆయనకు డ్యూటీ పడి రాలేకపోయారు. వెళ్ళేలోపు డాక్టర్‌కు కాలు చూపించుకోమన్నారు. చూపించకుండానే చూపించానని చెప్పి విమానం ఎక్కాను.

కొండదారి మీద కొత్తగా కురిసిన మంచు. లావు టైర్ల కింద అది కరకరలాడుతుంటే చిన్నపిల్లలా కేకలు పెట్టాను. అందరూ నీళ్ళు దిగని బూట్లు కొనుక్కుని వచ్చారు. నేను మాత్రం ఖతర్ ఎండకు గాలి ఆడాలని కొన్న జాలీ షూలోనే ఉన్నాను. కాసేపటికే మంచు కరిగి సాక్స్ పిండితే నీళ్ళు కారేంత తడిసింది. టీ కోసం ఆగినప్పుడు అందరూ "వేళ్ళు పోతున్నాయి" అంటూ కాళ్ళు నేలకు కొడుతున్నారు.

"నాకేం చలి లేదే!" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఐరన్ లేడీ అన్నారు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కుంచించుకుపోతుంది.

చప్పట్లు కొట్టనిది జోసెఫ్ అంకుల్ ఒక్కరే. ఆయన మా క్లబ్ లీడర్, కేరళ మనిషి, అరవై దాటినవారు. నాతో హిందీలోనే మాట్లాడతారు.

"సబ్‌కా పైర్ దుఖ్తా హై, తేరా క్యోఁ నహీఁ? షూ నికాలో బేటీ, మైఁ దేఖ్తా హూఁ," అందరికీ నొప్పి పుడుతుంటే నాకెందుకు లేదంటూ, షూ విప్పితే చూస్తానంటూ ఆ మంచులోనే మోకాలు వంచి నా లేసు మీద చెయ్యి వేశారు.

తండ్రి వయసు మనిషి నా కాలి దగ్గర! పాదం వెనక్కి లాగేసుకున్నాను. "నహీఁ అంకుల్, ఆప్ బడే హైఁ!" అని ఆయన పెద్దరికం గుర్తుచేశాను. ఆయన మోకాలికి అంటిన మంచు దులుపుకుని లేచారు. ఇంకెవరైనా చూస్తారేమోనని నేను ముందే సైకిల్ ఎక్కేశాను.

బసకు చేరాక అందరం ఇనుప పొయ్యి చుట్టూ కూర్చున్నాం. తడి ఆరాలని కాళ్ళు చాపాను. ఏదో కాలుతున్న వాసన వచ్చింది. "ఎవరి సాక్స్ కాలుతోంది?" అని ఎవరో అరిచారు. నేను కూడా అటూ ఇటూ చూశాను. నవ్వుతూ పక్కవాళ్ళ కాళ్ళు కూడా చూశాను. చూస్తే కాలుతున్నది నాదే. ఎడమకాలి వేళ్ళు పొయ్యికి ఆనుకుని ఉన్నాయి. అందరూ ఒక్కసారిగా నవ్వు ఆపేశారు. ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అంతే.

తిరిగొచ్చాక మా ఆయన ముందు సాక్స్ తీయలేదు. ఇంట్లోనూ సాక్స్ ఏమిటంటే చలి అన్నాను. రెండో వేలు ఉబ్బి, నల్లబడి, మెట్టె కండలో కూరుకుపోయింది. పెళ్ళయిన దాన్ని, మెట్టె ఎలా తీస్తాను? ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి నేను లేవలేకపోయేసరికి ఆయనే సాక్స్ లాగారు. వాసనకు ముఖం తిప్పుకుంటారనుకున్నాను. తిప్పుకోలేదు. కారు తాళం అందుకున్నారు.

ఎమర్జెన్సీలో సూడాన్ దేశపు డాక్టరమ్మ మొట్టమొదట రింగ్ కట్టర్ తెమ్మంది. వద్దని ఏడ్చాను. "మేడమ్, రింగ్ ఆర్ ఫుట్?" అంది. మెట్టె కట్ చేశారు. ఆ తరువాత నన్ను కళ్ళు మూసుకోమని, సన్నని తీగతో తాకుతాను, తగిలినప్పుడల్లా యెస్ చెప్పమంది. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎంతకీ మొదలుపెట్టదేమని, "స్టార్ట్ చేయండి డాక్టర్," అన్నాను.

"అయిపోయింది," అంది ఆమె.

డయాబెటిక్ న్యూరోపతి, అంటే షుగర్ వల్ల నరాలు మొద్దుబారడం అన్నారు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్ట్ చూసి ఆమె తల ఊపింది. మంచుకు చర్మం దెబ్బతిన్న ఫ్రాస్ట్‌బైట్ పైపైనే ఉందట. దాని మీద బర్న్, బర్న్ మీద వాపు, వాపు మీద మెట్టె బిగిసి రక్తం ఆగిందట. గ్యాంగ్రీన్, కండ కుళ్ళిపోతోంది. పైకి పాకకముందే వేలు తీసేయాలన్నారు, లేకపోతే పాదమే పోతుందన్నారు. క్లాసులో అటూ ఇటూ తిరుగుతూ లెక్క చెప్పే నన్ను నేను తలుచుకుని సంతకం పెట్టాను. మెట్టె పెట్టుకునే వేలు పోయింది.

అక్కడితో బుద్ధి వచ్చిందా అంటే రాలేదు. కుంటుతూ కనిపించడం నామోషీ అనిపించి, పుండు మీద బరువు పడకుండా డాక్టర్ ఇచ్చిన ఎత్తు చెప్పు వదిలేసి, చెప్పిన గడువుకు ముందే మామూలు షూతో స్కూలుకు వెళ్ళాను. కుట్లు విడిపోయి ఇన్ఫెక్షన్ వచ్చింది. మళ్ళీ అడ్మిషన్, కుళ్ళిన కండ కోసి తీసే డీబ్రైడ్‌మెంట్, సెలైన్‌లో యాంటీబయాటిక్స్. "షీ హైడ్స్," అని డాక్టరమ్మ మా ఆయనతో నా ఎదురుగానే అంది. నేను దుప్పటి మీదికి లాక్కున్నాను.

జోసెఫ్ అంకుల్ పండ్లు పట్టుకుని వచ్చారు. "ఆ రోజు గట్టిగా చెప్పాల్సింది బేటీ, తప్పు నాదే," అని హిందీలో అంటూ కళ్ళు తుడుచుకున్నారు. తప్పు ఆయనది కాదు, నాదని చెప్పాల్సింది. గోడవైపు తిరిగి నిద్ర నటించాను. అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడేది దానికే.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటే చెప్పింది: "పాదం నీకు ఏదీ చెప్పదు. రోజూ ఎవరైనా చూడాలి." ఆ సాయంత్రం మా ఆయన కింద కూర్చుని, నా కాలు ఒళ్ళో పెట్టుకోబోయారు. మళ్ళీ లాక్కున్నాను.

"పెండ్లిల మెట్టెలు తొడిగిననాడు నీ కాలు పట్టుకున్నది ఎవలు? ఆనాడు తగలని పాపం ఇయ్యాల ఎట్ల తగుల్తది?"

మెల్లగా కాలు చాపాను.

"పైపు లీకైతుందా లేదా అని రోజంత చూసి వస్త. ఇంట్ల దీన్ని చూడొద్దా?" అంటూ ఫోన్ లైటు వేసి వేళ్ళ సందులు చూశారు. నేను కొంగుతో ముఖం కప్పుకుని కూర్చున్నాను.

ఇప్పుడు పుండు మానింది. నడుస్తాను, క్లాసు చెప్తాను. స్నానం నీళ్ళ వేడి మా ఆయన చేత్తో చూశాకే పోసుకుంటాను. అత్తమ్మ వీడియోకాల్‌లో "మెట్టె ఏదే?" అని అడిగితే మాత్రం ఇప్పటికీ తల దించుకుంటాను. డాక్టర్ ఒప్పుకున్నాక మళ్ళీ సైకిల్ ఎక్కాను, చదునైన దారిలో, అందరికన్నా వెనక.

షుగర్ ఉన్న తోటివాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే. మీ పాదం రోజూ ఇంకొకరి కళ్ళకు చూపించండి, షూ వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి. నొప్పి లేదంటే బాగుందని కాదు.

మొన్న శుక్రవారం మా ఆయన డ్యూటీలో ఉన్నారు. క్లబ్ వాళ్ళంతా బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నారు. నేను బండరాయి మీద కూర్చుని ఎడమ షూ, సాక్స్ విప్పాను. వేలు లేని చోటు అందరికీ కనిపిస్తోంది. చెవులు వేడెక్కాయి.

"అంకుల్, జరా దేఖియే," అని కాలు ఆయన వైపు చాపి చూడమన్నాను.

జోసెఫ్ అంకుల్ జేబులో కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నారు. మెల్లగా మోకాలు వంచి, నా మడమ కింద అరచెయ్యి పెట్టారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. కాలు మాత్రం వెనక్కి లాక్కోలేదు.