కూలింగన్నకు నేను నేర్పిన ఎమ్మార్పీ

కాదండీ, సీసా మీద ఇరవై అని అచ్చేసి ఉంటే ఇరవై రెండు ఎందుకివ్వాలి? నాలుగేళ్లుగా అడుగుతున్నాను, ఒక్కరూ తిన్నగా జవాబు చెప్పరు. ఆ రోజుల్లో అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకునే మా బ్యాచ్ మొత్తానికి మెట్ల కింది చిన్న కొట్టే దిక్కు. కొట్టాయన్ని కూలింగన్న అనేవాళ్లం (చల్లటి నీళ్లసీసాకు రెండు రూపాయలు ‘కూలింగ్’ వేసేవాడు మరి). ఓ ఎండాకాలం మధ్యాహ్నం పంజాగుట్ట నుంచి నడిచొచ్చి (మెట్రో కార్డు ఖాళీ), ఆ రెండు రూపాయల మాట వినగానే ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను.

“అన్నా, ఎమ్మార్పీ అంటే ఏందో ఎరుకేనా? పన్నులన్నీ కలిపి గంతకంటె ఒక్క రూపాయి ఎక్కువ తీస్కోవద్దు! ఇయ్యాల్టి సంది అన్నీ ఎమ్మార్పీకే ఇయ్యాలె. కెమెరాల చెప్పు!”

ఆయన ఫ్రిజ్ తలుపు మూసి నా వంక జాలిగా చూశాడు.

“అన్నీనా చెల్లె? ఖాయమేనా?”

“అన్నీ!”

“సరే, నీ మాటనే.”

సీసా ఇరవైకే ఇచ్చాడు. వీడియో బ్యాచ్ గ్రూపులో పెట్టాను (ఆర్డర్ల కోసం కూలింగన్ననూ అందులో చేర్చుకున్నాం). సాయంత్రం దాకా హృదయాలే హృదయాలు.

మర్నాడు భీమవరం (నా పక్క కుర్చీ అమ్మాయి, ఊరి పేరే పిలుపు) నోట్‌బుక్ ఊపుకుంటూ వచ్చింది. “ఏంటే నువ్వు! యాభై రూపాయల బుక్కు ముప్పై ఐదుకిచ్చేవాడా, ఇవాళ యాభై తీసుకున్నాడు. ఇదేంటండీ అంటే నీ వీడియో చూపించాడు!”

పెన్నులు, బిస్కెట్లు, షాంపూ, అన్నీ అంతే. అప్పుడు వెలిగింది నాకు. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని మాత్రమే, తగ్గించకూడదని కాదు. ఆయన అన్నిట్లో తగ్గించి, ఒక్క నీళ్ల దగ్గరే పైకి పోయేవాడు. బ్యాచ్‌లో ఒక్కరూ నాతో మాట్లాడలేదు. లాబ్‌లో నా పక్క కుర్చీ కూడా ఖాళీ అయింది. మూడో రోజు మెట్లు దిగాను. ఏమవుతుందో చూద్దామని భీమవరంతో సహా బ్యాచంతా వెనకే దిగింది.

“అన్నా, జర ఎప్పటి లెక్కనే ఇయ్యరాదే.”

“అట్లెట్ల చెల్లె? కెమెరాల చెప్పిన గద.”

“డిలీట్ చేసిన.”

“ఏదీ, చూపియ్యి.”

చూపించాను. ఆయన ఓ నోట్‌బుక్ తీసి భీమవరానికి ముప్పై ఐదుకిచ్చి, నా ముందు చల్లటి సీసా పెట్టాడు. నోరు మూసుకుని ఫోన్‌తో ఇరవై రెండు కొట్టాను. గల్లా మీది స్పీకర్ డబ్బా “ఇరవై రెండు రూపాయలు అందాయి” అని వీధంతా వినబడేలా అరిచింది. బ్యాచంతా ఒకటే నవ్వు.

ఎండలో ఫోన్ పైకెత్తి నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తే నాకూ ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. అయినా ఒక్క మాట. నోట్‌బుక్ మీద తగ్గించాడని నీళ్ల మీద పెంచొచ్చా? పెంచొచ్చంటారా? ఏదీ, కెమెరా ముందు చెప్పండి?