ఎక్కే బండలు

తాండూరుకు బదిలీ అయింది మా ఆయనకు. పరేషానంతా నాది. రాళ్ళెక్కడం తప్ప నాకు ఇంకో పిచ్చి లేదు. హైదరాబాదులో సెలవు రోజు తెల్లవారితే చాలు, ఊరి శివారున ఏదో ఒక పెద్ద గుండు దగ్గర తేలేదాన్ని. మిగతా వేళల్లో నా బుర్రలో సంత జరుగుతూనే ఉంటుంది. రాతి మీద చెయ్యి వేసినప్పుడే అది సద్దుమణుగుతుంది. అది వదులుకుని ఎక్కడికీ రానని ఆయనతో తెగేసి చెప్పాను. "నువ్వక్కడ, నేనిక్కడ" అని కూడా అనేశాను. ఆయన అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

తిట్టినా బాగుండేది. ఆయన్ని వదిలి ఉండలేను, రాయిని వదిలీ ఉండలేను. ఆ చుట్టుపక్కల ఒక్క మంచి రాయి దొరికినా మూటాముల్లె సర్దేస్తానని నాలో నేనే ఒప్పందం చేసుకున్నాను. ఆయనకు మాత్రం చెప్పలేదు. మొండిదాన్ని కదా.

మొదట వికారాబాదులో దిగాను. అనంతగిరి గుట్టల మీద పొద్దుటి మంచు ఇంకా విడలేదు. చెట్ల మధ్య నడుస్తుంటే నడిచేది నేనేనా, లేక ఎవరి కలలోకైనా వచ్చానా అనిపించింది. ఎక్కడో నీళ్ళ చప్పుడు వినిపించేది, దగ్గరికి వెళ్తే ఆకుల గలగల. కానీ అక్కడి రాయి ఎర్రటిది, పట్టుకుంటే పుట్టమన్నులా రాలిపోయింది. కళ్ళు నిండాయి గానీ చేతులు ఖాళీగానే తిరిగొచ్చాయి.

తర్వాతి ఆదివారం తాండూరు వెళ్ళాను. రోడ్డు పక్కన చెట్లకు కూడా రాతి దుమ్ము పట్టి ఊరంతా మొహానికి పౌడరు రాసుకుని కూర్చున్నట్టుంది. ఒక పాలిష్ మిల్లు ముందు పైపుతో రాళ్ళు కడుగుతున్న ఆయన్ని అడిగాను.

"అన్నా, ఎక్కడానికి మంచి బండలు యాడుంటయ్?"

"ఎక్కెటియా? మస్తున్నయ్ అక్కా, లోపలికి రా. నున్నటియి కావాల్నా, గరుకుయా?"

"గరుకుయే. పట్టు దొరకాలి కదా."

"మంచి మాటన్నవ్. వాన పడ్డా కాలు జారది."

నా గుండె ఎగిరి గంతేసింది. మిల్లు వెనకే కొండ ఉన్నట్టు ఆయన వెంట పరుగులాంటి నడకతో వెళ్ళాను. ఒకదాని మీద ఒకటి పేర్చిన పలకల ముందు ఆగి ఆయన అడిగాడు.

"ఎన్ని మెట్లు?"

అప్పుడు వెలిగింది. ఆ ఊళ్ళో బండ అంటే ఇంట్లో పరిచేది. ఎక్కే బండలంటే మెట్ల బండలు. విషయం చెబితే ఆయన పైపు కిందపడేసి నవ్వాడు.

"గా ఎక్కుడా! మా రాయి తవ్వినకొద్ది కిందికి పోతది అక్కా, మీదికి రాదు. గుండ్లు కావాల్నంటే కుల్కచర్ల దిక్కు పొయ్యి చూడు."

నవ్వానే గానీ బస్టాండు దాకా ఏడుపు మింగుకుంటూ నడిచాను. పరిగి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి కుల్కచర్లకు ఇంకొకటి. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు కన్నడంలో మాట్లాడుకుంటుంటే అర్థం కాని ఆ మాటలు జోలపాటలా ఉన్నాయి. దోమ అనే ఊరు దాటాక నిద్రపోయినట్టున్నాను. కళ్ళు తెరిచేసరికి పచ్చటి కంది పూల అవతల గుండ్లు, ఏనుగుల మంద నీళ్ళకు వచ్చి ఆగిపోయినట్టు. నిద్రలోనే ఉన్నాననుకుని కాసేపు కదల్లేదు. తర్వాత కండక్టర్ని బతిమాలి బస్సు ఆపించాను.

ఎండ తగిలి రాయి గోరువెచ్చగా ఉంది. పట్టు జారకుండా చేతులకు సుద్దపొడి రాసుకుని ఎక్కాను. వేళ్ళు సన్నటి పగుల్లోకి వాటంతటవే దూరాయి. బుర్రలో సంత ఆగింది. సగం ఎత్తులో చెంప రాతికి ఆనించి ఎంతసేపు ఉన్నానో తెలియదు.

"ఓ బిడ్డా! గా గుండు మీద ఏమున్నది? తేనెపట్టు గిట్ల ఉన్నదా?"

కింద మేకల మంద, తలకు తువ్వాల చుట్టుకున్న పెద్దామె.

"లేదమ్మా, ఊరికే ఎక్కుతున్న."

"ఊరికెనా?" ఆమె గుండు కిందికి వచ్చి నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది. "ఇంట్ల లొల్లి పెట్టుకొని వచ్చినవా?"

నవ్వాలనుకున్నాను, నవ్వు రాలేదు. నేను దూకడానికే ఎక్కానని ఆమె భయం. అబద్ధమాడబుద్ధి కాలేదు.

"అయిందమ్మా, జర."

"జర లొల్లికి గింత ఎత్తు ఎక్కుతరా? జల్ది దిగు. నువ్వు దిగెదాక నేను పోను."

మేకలు కంది చేలో పడుతున్నాయి. వాటిని నోటితో అదిలిస్తోందే గానీ కళ్ళు మాత్రం నా మీదే. ముక్కూమొహం తెలియని మనిషి నా కోసం అలా కాపలా ఉంటే ఇంకా పైకి ఎలా పోను? మెల్లగా దిగాను. కాలు నేలకు ఆనగానే నా జబ్బ గట్టిగా పట్టుకుంది.

"ఏ ఊరు మీది?"

"తాండూరు" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేనక్కడ ఒక్క రాత్రయినా నిద్ర చేయలేదు.

"దగ్గర్నే గద. పో బిడ్డా, ఇంటికి పో" అని ఆమె మేకల వెంట వెళ్ళిపోయింది.

ఇంటికి పోవాలంటే ముందు ఆ ఊళ్ళో ఇల్లొకటి చూడాలి. ఫోన్ తీసి మా ఆయనకు అదే చెప్పాను.