కాలేజీ అర్జీలో తొమ్మిది దండాలు

మా నాయన నన్ను సంతోషంగా కాలేజీకి పంపాడని మా అన్నలు చెప్పుకుంటారు. పంపింది నిజమే. 'సంతోషంగా' అన్నది వాళ్లు అతికించిన మాట.

1958లో ఆళ్లగడ్డలో నేను ఎస్సెల్సీ పాసయ్యాక, ఒక్కసారి అర్జీ పెడతాననీ, సీటు రాకపోతే ఇంట్లో కూర్చోవలసిందేననీ నాయన తేల్చేశాడు. నంద్యాల కాలేజీకి అర్జీ నేనే ఇంగ్లిషులో రాశాను. ఇంగ్లిషు రాని నాయన, తాలూకాఫీసు ముందు అర్జీలు రాసే ఆయనతో ఇంకొకటి రాయించి, రెండూ చదివించుకుని విన్నాడు. మా వైపు 'హంబ్లీ', 'కైండ్లీ' ఎన్ని ఉంటే అర్జీకి అంత బలమని నమ్మేవాళ్లు.

"ఏందమ్మా, నీదాంట్లో హంబ్లీ ఒక్కటే ఉండాది. ఆయప్ప తొమ్మిది పెట్టినాడు."

"ఆయప్ప నేను హంబ్లీ పాసైనానని రాసినాడు నాయనా! పరీక్ష యాడన్నా వినయంగా పాసవుతారా? సీటు అడిగేకాడ వినయం ఉండల్ల, మార్కులకాడ ఎందుకు?"

"ఆ నోటికి సీటిస్తే వాళ్ల కర్మ."

"నాదే ఇయ్యి. తొమ్మిది దండాలు చూస్తే నవ్వుతారు."

నాయన రెండు కాగితాలూ జేబులో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాడు. పదిరోజులకు సీటొచ్చినట్టు కార్డు వచ్చింది. ఏది ఇచ్చావని ఎన్నిసార్లు అడిగినా, "సీటొచ్చింది కదా, ఇంగేం కావల్ల?" అనేవాడు. పోయేదాకా అదే జవాబు.

ఇంతకీ ఆయన ఆ రోజు కాలేజీలో ఇచ్చింది ఎవరి అర్జీ?