మార్గరెట్ గారి మూడు ఓట్లు

మొన్న ఉదయం మ్యూనిక్ పక్కనున్న ఉంటర్‌ఫ్యోరింగ్‌లోని ఆఫీసుకు వెళ్తుంటే, ఎస్-బాన్ లోకల్ రైల్లో నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి, జలుబు బిళ్ళ ఒకటి నోట్లో వేసుకున్నాడు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. నీలగిరి తైలం వాసన గుప్పుమంది. సరిగ్గా నిద్ర లేక మూతపడుతున్న నా కళ్ళు ఒక్కసారి తెరుచుకున్నాయి. బెర్లిన్‌లో ఒక ఇంటి నడవా గుర్తొచ్చింది. బురద బూట్లు, గోడకు ఆనించిన పొడవాటి ప్లాస్టిక్ స్తంభాలు, చిన్న స్టూలు మీద కూర్చుని మోకాళ్ళకు ఆ తైలమే రుద్దుకుంటున్న మార్గరెట్ గారు. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. తర్వాతి స్టేషన్‌లో దిగి, చలిలో వెనక్కి వచ్చే బండి కోసం నిలబడ్డాను.

ఆవిడ ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. ఆస్ట్రేలియాలో ఒక చిన్న ఊరి నుంచి వచ్చి, జర్మన్‌ను పెళ్ళి చేసుకుని, బెర్లిన్‌లో ఇంగ్లీషు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. భర్త పోయాక ఇంట్లో ఒక గది అద్దెకిచ్చారు. నేను వరంగల్ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన కొత్తలో ఆ గది నాకు దొరికింది. అంతకు ముందు చూసిన గదులవాళ్ళందరూ "అన్మెల్డుంగ్ మాత్రం కుదరదు" అన్నవాళ్ళే. అన్మెల్డుంగ్ అంటే ఫలానా చిరునామాలో ఉంటున్నానని సర్కారు వారి దగ్గర నమోదు చేయించుకోవడం. అది లేకపోతే ఈ దేశంలో మనిషి ఉన్నా లేనట్టే. మార్గరెట్ గారు మాత్రం తలుపు తీసిన వెంటనే, "అన్మెల్డుంగ్ కావాలి కదా? సరే. ఆదివారాలు ఆ స్తంభాలు మైదానానికి మోయడానికి ఒక చెయ్యి వెయ్యాలి, అదీ షరతు" అన్నారు.

ఆంటీ అని పిలిస్తే, తనకు తోబుట్టువులే లేరు కాబట్టి ఎవరికీ ఆంటీని కాననేవారు. వట్టి పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మార్గరెట్ గారూ అన్నాను. "గారూ అంటే ఏమిటి? నన్ను సగం కంగారూని చేశావా?" అని నవ్వారు. మా భాషలో గారు అంటే మర్యాద అనీ, కంగారు అంటే తొందరా భయమూ కలిసిపోవడమనీ చెప్పాను. ఆ మాట ఆవిడకు ఎంత నచ్చిందంటే, తర్వాత మైదానంలో ప్రాక్టీసు చేయించేటప్పుడు అందరి మీదా "నో కంగారు!" అని అరిచేవారు. బంతి చేతికి రాగానే గాభరాపడి విసిరేసే జర్మన్ అమ్మాయిలు కూడా ఆ తెలుగు మాట నేర్చుకున్నారు.

మైదానంలో ఆవిడ తయారుచేసిన అమ్మాయిల జట్టు ఆడేది ఆవిడ దేశపు ఫుట్‌బాల్, మేం మోసేవి దాని గోలు స్తంభాలు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, పిడికిలితో గుద్దొచ్చు, కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు. మొదటి చూపుకు అది ఆటో కొట్లాటో అర్థం కాదు. స్తంభాలు మోయడానికి వెళ్ళిన దాన్ని, ఒకరోజు మనిషి తక్కువైతే దిగాను. చిన్నప్పుడు బడిలో కబడ్డీ ఆడిన ఒళ్ళు కదా, పట్టుకోవడానికి వచ్చినవాళ్ళ చేతుల కిందనుంచి జారిపోవడం నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఆ కొత్తలోనే నా క్లాసుమేటు, గుంటూరు అమ్మాయి స్రవంతి ఆట చూడటానికి వచ్చింది. ఆట అయ్యాక మార్గరెట్ గారు, సీజన్ చివర్లో "బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్" పతకం ఇస్తామని ప్రకటించారు. నేను స్రవంతి చెవిలో అన్నాను:

"ఏందే ఇది, మంచిగ ఆడితే సాలదా? తెల్లగ గూడ ఉండాలెనా?"

"పెళ్ళిసంబంధాల వాళ్ళు ఇక్కడికీ వచ్చేశారే స్వరూపా! ఫెయిర్, స్లిమ్ అంటారు చూడు. ఎత్తు కూడా అడుగుతారేమో కనుక్కో."

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఎందుకు నవ్వుతున్నారని మార్గరెట్ గారు అడిగితే స్రవంతి విడమరిచి చెప్పింది. మన దగ్గర ఇంగ్లీషులో ఫెయిర్ అంటే ముందు ఒంటి రంగే గుర్తొస్తుందని ఆవిడకు తెలియదు. ఆవిడ నవ్వలేదు. మా ఇంట్లోవాళ్ళు నన్ను చామనఛాయ అని చెప్పుకునేవారు, చూడటానికి వచ్చినవాళ్ళు ఆ మాటను వెళ్ళేలోపు సవరించేవారు. ఆ సంగతి ఆవిడకు నేను చెప్పలేదు, చెప్పకుండానే సగం తెలిసిపోయినట్టుంది. స్తంభాలు మోసుకొస్తూ దారి పొడుగునా ఆ పతకం కథ చెప్పారు.

వాళ్ళ దేశంలో పెద్ద లీగ్ పతకానికి ఓట్లు వేసేది జనమూ కాదు, పత్రికలవాళ్ళూ కాదు. ఆట నడిపిన అంపైరే. మొదట్లో ఆటకొక్క ఓటు ఉండేదట. తర్వాత బాగా ఆడిన ముగ్గురికి మూడు, రెండు, ఒకటి అని మారింది. ఆ ఓట్లు కవర్లో పెట్టి అంటిస్తారు, సీజన్ ముగిసేదాకా విప్పరు. ఆ ఏడాది దెబ్బలాటలో శిక్ష పడినవాడికి అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా పతకం రాదు. ఫెయిరెస్ట్ అంటే అందరికంటే న్యాయంగా ఆడినవాడని, అది ఆ మాటకు విలువ. ఒకప్పుడు ఇద్దరికి ఓట్లు సమానమైతే, ఎక్కువ ఆటల్లో పైచెయ్యి ఎవరిదో చూసి ఒక్కరికే ఇచ్చేవారు. అలా పోగొట్టుకున్నవాళ్ళకు కొన్ని దశాబ్దాల తర్వాత పిలిచి పతకాలిచ్చారట. అప్పటికి కొందరు బతికి లేరు, ఇంట్లోవాళ్ళు వచ్చి తీసుకున్నారు.

"ఆలస్యంగా ఇచ్చినా ఇచ్చారు కదండీ" అన్నాను.

"మా నాన్న స్నేహితుడొకాయన అనేవాడు, చచ్చినవాడి మెడలో పతకం నిలవదని" అన్నారు మార్గరెట్ గారు.

మా చిన్న లీగ్‌లోనూ అదే పద్ధతి. ఉన్నవి నాలుగైదు ఊళ్ళ జట్లు. అంపైర్లు దొరకరు కాబట్టి బెర్లిన్‌లో జరిగే ఆటలన్నిటికీ మార్గరెట్ గారే విజిల్ ఊదేవారు. మిగతా ఊళ్ళలో అక్కడివాళ్ళు చూసుకునేవారు. సొంత జట్టుకు అంపైరుగా ఉంటూ ఒక్కసారి కూడా ఎవరిచేతా మాట పడని మనిషి. నా చేతిలో బంతి గీత దాటిందని ఆవిడే ఎన్నోసార్లు ఆట ఆపారు. దానికి నాకెప్పుడూ కోపం రాలేదు.

నా రెండో సీజన్‌కు చదువు అయిపోయింది. ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చిన వీసా గడువు కరిగిపోతోంది. మెయిల్ తెరిస్తే ఆబ్‌జాగెలు, అంటే ఉద్యోగం ఇవ్వలేమని ఎంతో మర్యాదగా రాసే జవాబులు. పొద్దున్నే బేకరీలో నిలబడి బ్రెడ్డు అమ్మి, మధ్యాహ్నం దరఖాస్తులు పంపి, సాయంత్రం మైదానానికి వెళ్ళేదాన్ని. ఒళ్ళు పులిసిపోయేది. అయినా వెళ్ళేదాన్ని, ఎందుకంటే నేను పనికొస్తానని నాకు అనిపించే చోటు అదొక్కటే. ఆ పతకంతో ఉద్యోగం రాదని తెలుసు. అయినా ఎవరో ఒకరు పదిమందిలో నా పేరు చదివి, ఈ అమ్మాయి బాగా ఆడింది అంటే చాలనిపించేది. ఆ కోరిక ఎంత పెరిగిపోయిందో చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉండేది.

ఓట్ల లెక్క ఒక ఆదివారం మధ్యాహ్నం, మైదానం పక్కన గ్రిల్లు మీద సాసేజీలు కాలుస్తూ జరిగింది. బయటి ఊళ్ళ కవర్లు ముందు విప్పారు. నాకు మూడు. మళ్ళీ మూడు. ఒకచోట రెండు. అమ్మాయిలు నా వీపు మీద చరిచారు. తర్వాత బెర్లిన్ కవర్లు విప్పారు. అందులో నా పేరు లేదు. ఒక్క ఆటలో కూడా లేదు. బెర్లిన్‌లోనే నేను అందరికంటే బాగా ఆడాను, ఆ సంగతి మైదానంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. పతకం మా జట్టులోనే ఆడే యూలియాకు వెళ్ళింది. ఆ పిల్ల మంచిది, పతకం తీసుకుంటూ నా వైపు అయోమయంగా చూసింది. నేను చప్పట్లు కొట్టాను.

ఇంటికొచ్చాక వంటింట్లో అడిగేశాను.

"మార్గరెట్ గారూ, నిజం చెప్పండి. ఆ రోజు నాకు ముందుగా అర్థమైన ఫెయిరే కరెక్టా?"

ఆవిడ మొహం పాలిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"కాదు. ఆ మాట అనకు. నువ్వు నా ఇంట్లో ఉంటున్నావు. నా బల్ల మీద తింటున్నావు. నీకు మూడు వేస్తే ఇంటి పిల్లకు వేసుకుందంటారని భయపడ్డాను."

"మూడు వద్దు. ఒక్కటి?"

"ఒకటి వేసినా అంటారనుకున్నాను."

"అంటే మీకు దగ్గరైనందుకు నాకు శిక్షా? వేరే ఇంట్లో ఉండి ఉంటే గెలిచేదాన్నా?"

ఆవిడ బల్ల మీదున్న కప్పును పక్కకు జరిపారు. తర్వాత మెల్లగా, "గెలిచేదానివి" అన్నారు.

ఆ ఒక్క మాట చాలా కష్టపెట్టింది. రంగు కారణమై ఉంటే పళ్ళు బిగించి ఉండేదాన్ని, అది నాకు అలవాటైన బాధ. ఇష్టం వల్ల ఓడిపోవడం ఎలా భరించాలో ఎవరూ చెప్పలేదు. చచ్చాక పిలిచి పతకమిస్తారా అని కూడా అన్నాను. అలిగి వెళ్ళిపోదామంటే వేరే గది లేదు, అన్మెల్డుంగ్ ఆ గడప మీదే ఉంది. కోపానికి కూడా చిరునామా కావాల్సిన దేశం ఇది. ఆ వారమంతా ఇద్దరం ఒకే వంటింట్లో ఒకరినొకరు తప్పించుకు తిరిగాం.

తర్వాతి ప్రాక్టీసుకు మార్గరెట్ గారు అందరినీ దగ్గరకు పిలిచారు. ఇంగ్లీషులో ఒకసారి, జర్మన్‌లో ఒకసారి, ఉన్నదున్నట్టు చెప్పారు. "స్వరూపకు వేయాల్సిన ఓట్లు నేను వేయలేదు. పక్షపాతం అంటారని భయపడి ఇంకో పక్షపాతం చేశాను. కవరు విప్పాక ఓటు మారదు, కాబట్టి పతకం యూలియాదే, ఆమె తప్పేమీ లేదు. తప్పు నాది." ఇంత చెప్పి, మెడలోంచి విజిల్ తీసి పక్కనున్న అమ్మాయి చేతిలో పెట్టారు. మళ్ళీ ఊదలేదు. అంత వయసు మనిషి, తన శిష్యుల ముందు నిలబడి అలా ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు, ఇప్పటికీ ఇంకెక్కడా చూడలేదు. నా కోపం పూర్తిగా పోయిందంటే అబద్ధం. కానీ ఆ సాయంత్రం ఆవిడకు చారు కాచిపెట్టాను. ఘాటుకు ముక్కు చీదుతూ తాగారు.

చలికాలంలో ఉద్యోగం వచ్చింది, ఇక్కడే ఉండి పనిచేసుకోనిచ్చే బ్లూ కార్డు వచ్చింది, మ్యూనిక్ వైపు వచ్చేశాను. కొన్నేళ్ళు ఫోన్లు నడిచాయి. చివరిసారి ఆసుపత్రి నుంచి మాట్లాడారు, గొంతు బాగా నీరసించింది. నేనే కంగారు పడుతూ ఏదేదో అడుగుతుంటే, "నో కంగారు" అని ఆపారు. ఆ తర్వాతి ఫోను యూలియా చేసింది.

ఇప్పుడు నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. వాళ్ళలో హారిక ఒకతి, హనుమకొండ అమ్మాయి. నాతో తెలుగు మాట్లాడుతుంది, డబ్బాలో తెచ్చుకున్న పచ్చడి నాకూ పెడుతుంది. ఈ ఏడాది మా టీములో అందరికంటే బాగా పనిచేసింది. నిన్న ఏడాది చివరి మదింపులకు మా పై అధికారి టోమాస్ ముందు కూర్చున్నాను. ఒక్కరికే "అత్యుత్తమం" ఇవ్వాలి. హారికకు నేను "బాగుంది" అని పెట్టి ఉంచాను. ఎప్పుడు పెట్టానో, ఎందుకు పెట్టానో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెయ్యి దానంతటది వెళ్ళింది. టోమాస్ చదివి, సరే అన్నట్టు తలూపాడు. ఆ తలూపు చూశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

"ఆగండి. హారికది మార్చాలి. అత్యుత్తమం ఆమెదే" అన్నాను.

టోమాస్ కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మీ ఊరి అమ్మాయి కదా?"

"అవును. అందుకే తగ్గించాను."