వెనక చాప మీది సాక్ష్యం

మా అయ్యగారు పోయారు. గూడూరు దగ్గర మా ఊరి చర్చికి నా చిన్నప్పటి నుంచీ ఆయనే కాపరి. మహబూబాబాద్‌లో ఉన్న నాకు ఫోను చేసి ఆ మాట చెప్పింది మా చర్చికొచ్చే మార్తవ్వ.

"అయ్యగారు ప్రభువు దగ్గరికి పోయిండు బిడ్డా. జర జల్ది రా" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. ఆమె ఏడుపంతా తెలంగాణ ఉద్యమం రోజుల్లోనే అయిపోయింది.

అయ్యగారిది పాత సైకిలు, అంతకన్నా పాత చెప్పులు. పాటకు గొంతు పెగలాలని జేబులో ఎప్పుడూ శొంఠి ముక్క ఉండేది. "దేవుడు నా పాట ఎట్లయినా ఇంటడు. మీరు భరించాలె గదా" అనేవారు. ఆదివారపు బడిలో నాకు అక్షరాలు దిద్దించిందీ, నేను టీచరు పరీక్షకు పోయిన రోజు సైకిలు మీద బస్సు దాకా దింపిందీ ఆయనే. ఈ రోజు నేను తింటున్న అన్నంలో ఆయన చెమట కూడా ఉంది.

మా చర్చిలో పాటలయ్యాక సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి నలుగురికీ చెప్పాలి. మేలంటే మాకు తెలిసింది ఉద్యోగం, ఇల్లు, బండి. ట్రాక్టరు కొన్నవాళ్ల సాక్ష్యం ట్రాలీతో సహా ఉండేది, అంత పొడుగు. ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఒక ఆదివారం, టీచరు ఉద్యోగం వచ్చిందని నేను చెప్పాను. చెల్పూర్ కరెంటు ప్లాంటులో నౌకరీ దొరికిందని మా చిన్నాయన చెప్పాడు. అప్పుడు వెనక చాప మీంచి ఏలియా లేచాడు. మార్తవ్వకు ఒక్కగానొక్క కొడుకు. డిగ్రీ చదివి, పరీక్షలు రాసి రాసి అలసి, ఊరేగింపుల్లో తిరుగుతుండేవాడు.

"నాకేం రాలేదయ్యా. ఏం చెప్పాలె?" అన్నాడు.

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అయ్యగారు నవ్వి, "కూసో బిడ్డా. దేవుడిచ్చినంక చెప్పుదువు గాని" అన్నారు. ప్రేమగానే అన్నారు. మాలో ఎవరున్నా అదే అనేవాళ్లం. ఏలియా కూర్చున్నాడు.

ఆ చలికాలం పోకముందే ఏలియా ప్రాణం తీసుకున్నాడు. తెలంగాణ కోసమే అని ఊరు జెండా కప్పింది. తన చేతులతో ప్రాణం తీసుకున్నవాడికి సమాధుల తోటలో చోటు ఎట్లా ఇస్తామని సంఘ పెద్దలు నసిగారు. అయ్యగారు గడ్డపార తానే పట్టుకుని ముందు నడిచారు.

"తెలంగాణ కోసం అంటున్నరు. గావచ్చు" అన్నారు తిరిగి వచ్చేటప్పుడు నాతో. "కాని లేసి నిలబడ్డోన్ని నేను కూసొమ్మన్న."

ఆ తర్వాత ఆయన నవ్వు సగమే మిగిలింది. మా చిన్నాయన ఇల్లు కట్టి, గుమ్మం మీద 'దేవుని బహుమానము' అని చెక్కించి ప్రార్థనకు పిలిస్తే, అయ్యగారు గుమ్మం దగ్గరే ఆగి చదివారు. "మంచిదే రాసినవ్. మరి ఎదురుంగ ఉన్న గుడిసె ఎవలిచ్చిండ్రు?" అన్నారు. చిన్నాయన మొహం మాడిపోయింది. ఇట్లాంటి మాటలు పడనివాళ్లు ఆశీర్వాదాలు కురిపించే పెద్ద చర్చిలకు వెళ్లిపోయారు. వాళ్లను ఆయన ఆపలేదు.

సాక్ష్యాల వేళ మాత్రం మారింది. "ఏం రానోళ్లు ముందుగాల లేవుండ్రి" అని పిలిచేవారు. వెనక చాప వైపు చూస్తూ ఆగేవారు. ఎవరూ లేచేవారు కాదు. ఏమీ రాలేదని నలుగురిలో ఎవరు చెప్పుకుంటారు? తెలంగాణ వచ్చిన వారం చర్చి నిండిపోయింది. అప్పుడూ అదే పిలుపు, ఎవరూ లేవలేదు. మార్తవ్వ తల వంచుకుని కూర్చుంది. నాకు ఆ చాప వైపు చూడాలంటే భయం వేసేది. ఇప్పటికీ బడిలో జవాబు రాక నిలబడ్డ పిల్లను కూర్చోమనడానికి నాకు నోరు రాదు.

భూస్థాపన రోజు అయ్యగారి శవపెట్టె చర్చి మధ్యలో పెట్టారు. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు, అయ్యగారి వల్ల మేలు పొందినవారు సాక్ష్యం చెప్పమన్నాడు. నేను చెప్పాను. చిన్నాయన చెప్పబోయి ఏడ్చాడు. అప్పుడు వెనక చాప మీంచి మార్తవ్వ గోడ పట్టుకుని లేచింది.

"నాకేం రాలేదయ్యా" అంది పెట్టె వైపు చూసి. "ఏం చెప్పాలె?"

ముసలామె నిలబడలేదేమోనని పాస్టరు కూర్చోమన్నట్టు చెయ్యెత్తాడు. మా మొహాలు చూసి దించేశాడు. పాట ఎవరూ ఎత్తుకోలేదు. పెట్టె బయటికి తీసుకుపోయేదాకా మార్తవ్వ తన కొడుకు కూర్చున్న ఆ చాప మీద అట్లా నిలబడే ఉంది.