నర్సింగరావు సారు బీరువా

నిన్న మనవడు పుస్తకాల సంచి తెచ్చి మంచం మీద బోర్లించాడు. కొత్త జిగురు వాసన గుప్పుమంది. పదకొండు పుస్తకాలు. "ఇవన్నీ ఎప్పుడు చదువుతవురా?" అంటే, "ఉండనీ తాతా, ఎప్పుడన్న చదువుత" అన్నాడు. ఒళ్ళు మండింది. బడి గడప తొక్కకుండా, పొట్లం కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అలాంటి మాట నాకు మింగుడుపడదు. ఆ వాసనకు మెదక్ తహసీలు గుమాస్తా నర్సింగరావు సారు గుర్తొచ్చాడు.

నిజాం ఏలుబడి చివరి రోజులు. సారు ఇంటి అరుగు మీదే నా కుట్టుమిషను. కిటికీలోంచి బీరువా కనబడేది, నిండా తెలుగు పుస్తకాలు. హైదరాబాదు నుంచి ఎవరొచ్చినా ఒక కట్ట తెప్పించుకునేవాడు. అప్పట్లో చాలా పుస్తకాలు మడతలు కోయకుండానే వచ్చేవి. అంచులు చాకుతో కోసుకుంటేనే పేజీలు విడేవి. సారు ఒక్కదాన్నీ కోయలేదు. దుమ్ము తుడిచి మళ్ళీ పేర్చేవాడు. నేను కుట్టు ఆపి చూస్తుండేవాణ్ణి.

"సారూ, ఒక్కటియ్యుండ్రి, చదివి ఇస్త."

"మిషన్ నూనె అంటుతది యాదగిరీ. నువ్వు నా షేర్వాణీ సంగతి చూడు."

ఆయన బీరువాకు తాళం వేయడం మరిచి, పని మీద నర్సాపూర్ పోయినప్పుడు లోపలికెళ్ళి ఒక నవల తీశాను. కత్తెరతో పేజీలు కోసి, దొర మీద తిరగబడి ఊరు విడిచిన ఒక కుమ్మరి కథ ఆసాంతం చదివి, మళ్ళీ అక్కడే పెట్టాను. దొంగతనమనిపించలేదు. నా వాటా నేను తీసుకున్నట్టే అనిపించింది.

పోలీసు చర్య అయ్యాక, కమ్యూనిస్టుల కోసం ఇళ్ళు వెతుకుతూ ఒక ఆఫీసరు ఆ బీరువా తెరిపించాడు. "ఒక్కటి గూడ చదవలేదు సాబ్, పేజీలు చూడుండ్రి" అన్నాడు సారు ధీమాగా. కోసిన నవల బయటపడింది. ఎవడు చదివాడని ఆఫీసరు గద్దించాడు. సారు నా కత్తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను తల వంచుకుని మిషను తొక్కాను.

"నేనే" అన్నాడు.

ఆయన్ని, నవలనూ తీసుకుపోయారు. పదిహేను రోజులకు సారు ఒక్కడే తిరిగొచ్చాడు. బజారంతా లేచి నిలబడి దండాలు పెట్టింది. నాకు సిగ్గేసిన మాట నిజమే. కానీ అంతకన్నా ఎక్కువ కుళ్ళు పుట్టింది. నేను చదివిన చదువు కూడా ఆయన ఖాతాలోకే పోయింది!

మర్నాడు మిషను పక్కన కూర్చున్నాడు. "గా నవలల ఏమున్నదో చెప్పు. వాళ్ళు అడిగితే ఒక్క ముక్క చెప్పరాకపాయె."

"మరి గన్ని ఎందుకు కొన్నరు సారూ?"

"బడిల అంత ఉర్దూనే చెప్పిరి. తెలుగు కూడబలుక్కుంట ఒక్క పేజీ దాటేసరికి పొద్దు గూకుతది. చదువుడు చేత గాకపాయె, కొనుడన్న చేతనైతది గద." మిషను చక్రం మీద చెయ్యి వేసి అన్నాడు: "నువ్వు పొట్లం కాగితం సుత గడగడ చదువుతుంటే నా కండ్లు మండేటివి. గందుకే ఇయ్యలే నీకు."

కథ చెప్పాను. ఆఖరి అధ్యాయం దగ్గర ఆగాను.

"తర్వాత?"

"మర్చిపోయిన సారూ."

ఆ రోజే బీరువా తాళం నా చేతిలో పెట్టాడు. మిగిలినవన్నీ ఒక్కొక్కటే కోసి, ఏళ్ళ తరబడి ఆయనకు చదివి వినిపించాను. నా చదువంతా అదే. మధ్యమధ్యలో అడుగుతూనే ఉండేవాడు: "కుమ్మరి మళ్ళ ఊరికొచ్చిండా యాదగిరీ?"

"యాదికి లేదు సారూ."

బీరువా ఆయనది, పేరు ఆయనది, ఆ ఒక్క ముక్కన్నా నాదిగా ఉండాలనుకున్నాను. సారు పోయి ఏళ్ళయింది. కుమ్మరి ఊరికొచ్చాడు. వచ్చి మళ్ళీ కుండల సారె తిప్పాడు. అడిగేవాడు లేడు.