చెవి మేస్త్రి, పల్చటి రేకు

చెవి మేస్త్రి దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులు. క్లచ్ తొక్కేవాళ్ళు, తొక్కనివాళ్ళు. తొక్కనివాళ్ళను ఆయన డ్రైవర్లు అనేవాడు కాదు, ప్రయాణికులు అనేవాడు. స్టీరింగు ముందు కూర్చున్న ప్రయాణికులు. ఆ లెక్కన ఆయన సొంత కూతురు కూడా ప్రయాణికురాలే. క్లచ్ లేని ఆటోమేటిక్ వ్యానులో బడి పిల్లలను ఎక్కించుకుని రోజుకు నాలుగు ట్రిప్పులు తిప్పే ప్రయాణికురాలు.

పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని బండి రోగం చెబుతాడు కాబట్టి ఆ పేరొచ్చింది. పది బళ్ళలో ఆరింటికి సరిగ్గానే చెప్పేవాడు. మిగతా నాలుగింటి గురించి ఎవరూ అడిగింది లేదు. ఏ ఇంజను విప్పినా లోపల ఏదో ఒకటి అరిగే ఉంటుంది, దాన్ని చేతిలో పెట్టి చూపిస్తే బండి యజమాని తల ఊపుతాడు. ముప్పై రెండేళ్ళు పేరు అలాగే నిలబడింది. చివరి ఇరవై రెండేళ్ళూ విప్పడం, కడగడం, బిగించడం అంతా ఆయన భార్య తమ్ముడు చేసేవాడు. కళ్ళు మూసుకోవడం మాత్రం మేస్త్రి చేసేవాడు.

ఫ్లైవీల్ అంటే ఆయనకు భక్తి. ఇంజను వెనక క్రాంకుకు, అంటే ఇంజను తిప్పే ఇరుసుకు, బిగించి ఉండే బరువైన ఇనుప చక్రం అది. ఇంజను కుదుపులన్నీ తన బరువులో కలిపేసుకుని నిమ్మళంగా తిరుగుతుంది, క్లచ్ వచ్చి దాని ముఖాన్నే పట్టుకుంటుంది. పాత లారీది ఒకటి గోడవార వేసుకుని, దాని మీదే కూర్చుని టీ తాగేవాడు. ఆటోమేటిక్ బళ్ళలో ఆ చక్రం ఉండదు. నూనెతో నిండిన టార్క్ కన్వర్టర్ అని గుమ్మడికాయంత డబ్బా ఒకటుంటుంది, ఆ బరువు పని అదే చూసుకుంటుంది. దానికీ క్రాంకుకీ మధ్య పల్చటి ఉక్కు పళ్ళెం ఉంటే చాలు. దాని పేరు ఫ్లెక్స్ ప్లేట్. వేడెక్కి కన్వర్టరు కొంచెం అటూ ఇటూ జరిగినా దానితోపాటు వంగాలి కాబట్టి కావాలనే పల్చగా చేస్తారు. ఈ సంగతి ఎవరో మేస్త్రికి ఓపిగ్గా వివరించారు. అంతా విని "రేకు" అన్నాడు. ఆటోమేటిక్ బళ్ళ గురించి ఆయన చదువు అక్కడితో పూర్తయింది.

ఒక శనివారం పొద్దున్నే కూతురి వ్యాను టకటకమంటూ షెడ్డులోకి వచ్చి ఆగింది. సోమవారం పొద్దున బండి బడి గేటు ముందు ఉండకపోతే ట్రిప్పు ఇంకొకరికి ఇచ్చేస్తామని హెడ్మాస్టరు ముఖం మీదే చెప్పాడట. ఆ ట్రిప్పు పోతే ఆ వ్యాను నీడకు నిలబెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మేస్త్రి స్క్రూడ్రైవరు తీశాడు. పక్క షెడ్ల నుంచి ఇద్దరు వచ్చి నిలబడ్డారు కాబట్టి కళ్ళు మామూలుకన్నా కాస్త ఎక్కువసేపే మూసుకున్నాడు.

"బేరింగు పోయింది. ఇంజను దించాలి."

ఇంజను దించితే మూడు వారాలు. అక్కడున్న అందరికీ తెలుసు. కూతురు ఏడవలేదు, బతిమాలలేదు, ప్రశ్న అడిగింది.

"డ్రైవులో వేసి బ్రేకు తొక్కి పెడితే చప్పుడు మారుతోంది నాన్నా. పార్కులోకి తెస్తే మళ్ళీ మొదలు. బేరింగే అయితే దానికి గేరు సంగతి ఎలా తెలుస్తుంది?"

"నువ్వు బండి నడిపితే కదమ్మా నీకు తెలియడానికి. అదే నిన్ను నడుపుతోంది."

పక్క షెడ్ల వాళ్ళు నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు గానీ లోపల ఎక్కడో గుచ్చుకుంది. ప్రశ్న మంచిదని ఆయనకు అర్థమైంది. మంచి ప్రశ్న వేసింది క్లచ్ తొక్కని మనిషి కావడం ఆయనకు మింగుడు పడలేదు.

బామ్మర్ది ఈలోగా వెళ్ళి ఇంజను మీద ఒక్కో ప్లగ్గు వైరు పీకి చూశాడు. బేరింగు మోతయితే ఆ సిలిండరు ఆగగానే తగ్గాలి. నాలుగూ ఒక్కొక్కటిగా పీకి పెట్టాడు. మోత మొదట ఎలా ఉందో అలాగే ఉంది. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, గేర్‌బాక్స్ కింద మూత తీసి ఒకసారి ఆ పళ్ళేన్ని చూస్తే పోయేదేముందన్నాడు.

పోయేదేమిటో మేస్త్రికి తెలుసు. ఎనిమిది నెలల కిందట ఇదే వ్యాను గేర్‌బాక్స్ ఆయిల్ సీలు మార్చడానికి దించారు. తిరిగి ఎక్కించే రోజున బామ్మర్దికి జ్వరం. ఎన్నో ఏళ్ళ తర్వాత మేస్త్రి స్వయంగా బండి కిందికి దూరాడు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు ముందు కన్వర్టరును తిప్పుతూ దాని లోపలికి నెట్టాలి, అది మెట్టు మెట్టుగా జారి అడుక్కి దిగాలి. దిగిందంటే గేర్‌బాక్స్ చేత్తో నెడితేనే వచ్చి ఇంజనుకు అతుక్కుంటుంది. వేలు పట్టేంత సందు మిగిలిందంటే స్పానరు ముట్టుకోకూడదు, వెనక్కి లాగి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ రోజు సందు మిగిలింది. రేకు కోసం మళ్ళీ మొదలుపెట్టేదేమిటి అనుకున్నాడు. క్లచ్ బళ్ళకు ఎన్నిసార్లు చేయలేదని, రెండు పొడుగు బోల్టులు వేసి బిగించి లాగాడు. లోపల టక్కుమంది. సందు మూసుకుంది. ఇంజను చప్పుళ్ళకు ఊరంతా పేరుపడ్డ ఆ చెవి టక్కుమనడం వింది. చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి విననట్టే ఊరుకుంది.

అందుకని ఇప్పుడు గొంతు పెంచాడు. తన మాట మీద నమ్మకం లేనివాళ్ళు ఇంకో షెడ్డు చూసుకోవచ్చన్నాడు. ఆడపిల్లలకు బండి ఇచ్చినవాడిని అనాలన్నాడు. తన కాలంలో మనుషులు మాట వినేవాళ్ళన్నాడు. ఆయన కాలం నాటి బళ్ళు ఇప్పుడు ఎన్ని తిరుగుతున్నాయో ఎవరూ అడగలేదు.

కూతురు అట్టముక్క ఒకటి నేల మీద వేసుకుని, బండి కిందికి జారి, "మామయ్యా, పది నంబరు స్పానరు" అంది.

బామ్మర్ది స్పానరు తీశాడు.

"అది ఇచ్చావంటే రేపటినుంచి నా షెడ్డులో అడుగు పెట్టొద్దు" అన్నాడు మేస్త్రి.

బామ్మర్ది ఇరవై రెండేళ్ళలో ఆయనకు ఎదురు చెప్పింది లేదు. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"జ్వరం తగ్గి మర్నాడు వచ్చాను బావా. బల్ల మీద పొడుగు బోల్టులు రెండు ఉన్నాయి, మరలు సాగిపోయి. అవెందుకు వాడావో అప్పుడే అడగాల్సింది. అడగకపోవడం నాది తప్పు."

స్పానరు బండి కిందికి అందించాడు. పక్క షెడ్ల వాళ్ళకు ఉన్నట్టుండి తమ పనులు గుర్తొచ్చాయి.

మూత ఊడితే తుప్పు రంగు పొడి కారింది. మధ్యాహ్నానికి గేర్‌బాక్స్ కిందికి దిగింది. పళ్ళెం మధ్యలో, క్రాంకు బోల్టుల చుట్టూ పగులు ముప్పావు వంతు తిరిగి ఉంది. ఇంజను తిరిగిన ప్రతిసారీ ఆ పగులు రెండు అంచులూ కొట్టుకుంటున్నాయి. చప్పుడు అదే. ఇంజనులో బేరింగులకు ఏమీ కాలేదు.

మేస్త్రి వచ్చి చూశాడు. ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు, అనకపోయేసరికి తానే అన్నాడు.

"నాసిరకం. కంపెనీ వాళ్ళ పని."

"కంపెనీ వాళ్ళు బిగించలేదు నాన్నా" అంది కూతురు. కోపంగా అనలేదు. పళ్ళెం సైజు రాసుకుంటూ అంది.

ఆదివారం కొత్త పళ్ళెం దొరికింది. బామ్మర్ది కన్వర్టరును ఓపిగ్గా తిప్పి తిప్పి అడుక్కి దించాడు, కూతురు అటువైపు పట్టుకుంది, గేర్‌బాక్స్ చేతికే వచ్చి అతుక్కుంది. బోల్టులు ఆ తర్వాతే వేశారు. మేస్త్రి అక్కడే కూర్చుని పేపరు చదివాడు. ఒకటే పేజీ, రెండు గంటలు. సోమవారం ఏడుంపావుకు వ్యాను బడి గేటు ముందు ఉంది. ట్రిప్పు పోలేదు.

బామ్మర్ది మాత్రం బావ మాటను మాటగానే తీసుకున్నాడు. అదే వీధి చివర రేకుల పంచ ఒకటి చూసుకుని పని మొదలుపెట్టాడు. అక్క వచ్చి బతిమాలినా వెనక్కి రాలేదు. చెవి మేస్త్రి షెడ్డులో ఇప్పుడు రోగం చెప్పేవాడూ, విప్పేవాడూ ఒక్కడే. అందుకని రోగాలన్నీ చిన్నవైపోయాయి. ఇదివరకు ఇంజను దించమన్న చప్పుళ్ళకు ఇప్పుడు ఆయిలు మార్చి చూడమంటున్నాడు.

కూతురు ఆదివారాలు తల్లిని చూడ్డానికి వస్తుంది. బండి ఎలా ఉందని తండ్రి అడుగుతాడు, బాగుందంటుంది. ఒకసారి తనకివ్వమని, అలా వీధి చివరిదాకా తిప్పి చప్పుడు విని తెస్తానని చెయ్యి చాస్తాడు. ఆమె ఆ చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెడుతుంది. తాళాలు సంచి అడుగునే ఉంచుకుంటుంది.